తేదీ

కోర్టు గోడకు ఆనుకొని, జిరాక్సు షాపు పక్కన
నా టేబులూ నా మిషనూ.
పేజీకి ముప్పై. అర్జెంటైతే నలభై.
ఇరవై రెండేండ్లుగా అనంతపురం ఏడుపంతా
డబుల్ స్పేసులో కొట్టినోణ్ణి.

ఇద్రీస్ ఆదం మూడోసారి వచ్చినాడు.
మొదటిసారి అర్జీ. కాదన్నారు.
తర్వాత అప్పీలు. కాదన్నారు.
ఇప్పుడు
మూసిన ఫైలు మళ్లా తెరవమని అడిగేదానికి
అనుమతి అడగాల.

"అడిగేదానికి అడగడమా?"
"ఔ అన్నా. తలుపు కొట్టొచ్చునా అని
కిటికీ కాడ అడిగేది."
హాస్టలు మెస్సులో నేర్చుకున్న తెలుగు.
చదివింది మందుల చదువు,
రుద్రంపేట గోడౌన్లో మోసేది మందుల అట్టపెట్టెలు.
తిరిగి పోదామంటే ఊరు లేదు.

ఢిల్లీ నుంచి వచ్చిన కాగితం నాలుగు మడతలు.
జేబులో చెమటకు మడతల కాడ అక్షరాలు పోయినాయి.
ఒక్క మాట మాత్రం పోలా:
నమ్మదగినది కాదు.

తప్పింది యాడంటే, తేదీ కాడ.
ఊరు తగలబడింది ఎప్పుడు అంటే
ఒకసారి నవంబరు అన్నాడంట.
ఒకసారి బుడ్డలు పీకే కాలం అన్నాడంట.
ఇంకోసారి, చలి ఇంకా దిగలేదు,
అమ్మ కొత్త జొన్నలు విసిరిన మర్నాడు అన్నాడంట.
పొంతన లేదని రాసినారు.

నాకైతే మూడూ ఒకే దినం మాదిరి వినపడినాయి.

"మీ పక్క బుడ్డలు పండుతాయా?"
నవ్వినాడు. జేబులోంచి ఒక కాయ తీసి
చెవి కాడ ఆడించి, గింజ ఎండిందో లేదో విని
అచ్చం మా నాయన మాదిరే విని,
ఒలిచి ఒక గింజ నా చేతిలో పెట్టినాడు.
"అరబ్బీలో దీన్ని సూడాన్ చిక్కుడు అంటారన్నా.
మా దేశం పేరు పెట్టుకొని అంగడంగడీ తిరుగుతాది.
దీన్ని ఎవరూ యాడికి వచ్చినావని అడగరు."

మా నాయన.
ఇన్సూరెన్సు ఆయన గొడుగు కింద నిలబడి
చేను ఎండిన తేదీ చెప్పు పెద్దాయనా అంటే
"ఒక దినంలో ఎండుతాదా సామీ?
మఖలో తలొంచింది. పుబ్బలో ఆకు ముడిచింది.
ఉత్తరలో నేనే పోయి చూడ్డం మానుకుంటి" అన్నాడు.
ఆ గడి ఖాళీగా పోయింది. డబ్బు రాలేదు.
అప్పటికి నాకు టైపు వచ్చింటే
ఏదో ఒక తేదీ కొట్టిందును.

కాగితం ఎక్కించినా.
గౌరవనీయులైన అధికారి గారి సముఖమునకు.
తమరి దయ, అని కొట్టేలోపల
ఇద్రీస్ చెయ్యి అడ్డం పెట్టినాడు.
"దయ వద్దన్నా. రెండుసార్లు రాసినాం కదా, అయిపోయింది.
వినండి అని రాయి."
అట్లా రాయరు అర్జీల్లో.
ఇన్నేండ్లలో నేను ఒక్కసారీ రాయలా.
దయ మీద వైట్నరు పూసి
ఆరేదాకా ఇద్దరమూ ఊదినాం.
ఆ తెల్ల మచ్చ మీద కొట్టినా: వినండి.
కొంచెం వంకరొచ్చింది.

పన్నెండున్నరకు లాయర్లు అన్నాలకు లేసినారు.
ఎండకు రిబ్బను మెత్తబడి అక్షరం చిక్కగా పడతాంది.
పేరు. తండ్రి పేరు.
ఊరి పేరు కూడా కొట్టినా,
ఊరు లేదని తెలిసీ,
స్పెల్లింగు రెండుసార్లు అడిగి మరీ కొట్టినా.
సంతకానికి గీత. గీత కింద
తేదీ.

నా వేలు ఆడ నిలబడింది.
"ఈ పొద్దు తేదీ ఎంతప్పా?"

ఫోను చూసినాడు.
షాపు గోడ మీది క్యాలెండరు చూసినాడు.
రెండింట్లోనూ ఒకటే అంకె.
అయినా నోరు తెరవలా.
చెప్పు అన్నట్టు చూస్తే, బుడ్డ పొట్టు వేళ్లతో నలుపుతా
"నువ్వే వెయ్యన్నా" అన్నాడు,
"నేను చెప్తే తప్పవుతాది."